పడుగుకు ఎనిమిది మంది

ఆ ఆదివారం పొద్దున ఊరి ప్రాథమిక పాఠశాల వరండాలో ఉన్నవి ఇవి: షామియానా దుకాణం నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు పదహారు. వాటిలో పదహారు మంది పెద్దమనుషులు. మెట్ల మీద వాళ్ల వెంట వచ్చిన యువకులు, అందరి చేతుల్లో ఫోన్లు. ఒక టీ ఫ్లాస్కు, పేపరు కప్పులు. గోడ మీద గుణింతాల చార్టు. బయట రెండు జీపులు, ఒకటి తూర్పు గేటు దగ్గర, ఒకటి పడమటి గేటు దగ్గర. ఆడవాళ్లు లేరు.

ఆ రోజు వాళ్లు తేల్చవలసిన వాటిలో ఒకటి, ఆడవాళ్లకు రిజర్వయిన ఆరో వార్డుకు మెంబరు ఎవరన్నది.

నేను కర్నూలు దగ్గర ఒక సోలార్ ప్లాంటులో ఎలక్ట్రికల్ ఇంజనీరుని. అమ్మానాన్నలు కర్నూలులోనే ఉంటారు, నా ఓటూ అక్కడే ఉంది. కానీ డిప్లొమా చదివినన్నాళ్లూ నేను ఉన్నది బద్వేలు వైపున్న ఈ నేతగాళ్ల ఊళ్లో, ఆరో వార్డులో, మా చిన్నాయన ఇంట్లో. పంచాయతీ ఎన్నికలు వచ్చాయని సెలవు పెట్టి వచ్చాను. మెట్ల చివర నిలబడి విన్నాను.

ఊరికి రెండు వర్గాలు, తూర్పు వర్గం, పడమటి వర్గం. నేను చిన్నప్పుడు జరిగిన పంచాయతీ ఎన్నికల్లో పోలింగు రోజున ఇదే బడి ముందు రాళ్లు లేచాయి, తర్వాత కట్టెలు, తర్వాత నాటుబాంబులు. రెండు పక్షాల్లోనూ మనుషులు పోయారు. ఏ పక్షంలోనూ లేని మా చిన్నాయన ఓటు వేయడానికి వరుసలో నిలబడి ఉండగా ఎవరిదో కట్టె తగిలి కుడి మోచెయ్యి విరిగింది. ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపుకోదు. అప్పటి నుంచి ఇంట్లో మగ్గం మా చిన్నమ్మది.

ఆ ఎన్నిక తర్వాత పెద్దలు ఒక ఒప్పందానికి వచ్చారు. ఇకమీదట ఊళ్లో పోలింగు ఉండదు. సర్పంచి తూర్పువాళ్లకు, ఉపసర్పంచి పడమటివాళ్లకు, వార్డులు చెరి సగం. ప్రతిసారీ ఒక ఆదివారం ఇట్లా కుర్చీలు వేస్తారు, పేర్లు పంచుకుంటారు, వార్డుకు ఒక్క నామినేషనే పడుతుంది, అధికారులు ఏకగ్రీవం అని రాసుకుంటారు. ఈ ఊళ్లో నా వయసువాళ్లు ఎవరూ పంచాయతీకి ఓటు వేసి ఎరగరు.

దీనివల్ల ఊరు చల్లబడిందని పెద్దలు చెబుతారు. నాకు అట్లా కనపడలేదు. తలలు పగలడం ఆగింది, అది నిజం. కానీ మెట్ల మీద కూర్చున్న యువకుల ఫోన్లలో స్టేటస్‌లు చూస్తే, తూర్పువాళ్లవి కొడవలి బొమ్మలు, పడమటివాళ్లవి పులి బొమ్మలు, రెండింటి కిందా ఒకటే మాట, ఊరంతా మాదేనని. ఎవరి వెనక ఎంతమంది ఉన్నారో ఎన్నడూ లెక్కించలేదు కాబట్టి రెండు పక్షాలూ ఊరంతా మాదేనని నమ్మగలవు. ప్లాంటులో మీటరు తీసేస్తే రీడింగు గురించి తగువు ఉండదు. ఎవరు ఎంత చెబితే అంతే కరెంటు. ఆ చెప్పడంలో గొంతు పెద్దదైనవాడిదే గెలుపు.

ఆరో వార్డు తూర్పువాళ్ల వంతుకు వచ్చింది. మా చిన్నాయన ఇంటికి ఎదురింట్లో ఉండే మామ కుర్చీలోంచి లేచి దండం పెట్టాడు. కాగితాల్లో ఉండేది ఆయన భార్య పేరు. ఆమెను నేను అత్తా అంటాను. ఆమె కూడా మగ్గం నేస్తుంది.

"ఏకగ్రీవం," అన్నాడు తూర్పు వర్గం పెద్దాయన. "ఊరికి సర్కారు ప్రోత్సాహకం వస్తాది, ఎవురి తలకాయా పగలదు. టీ తాగండప్పా."

ఇంటికి వెళ్లేసరికి చిన్నమ్మ గుంత మగ్గంలో కాళ్లు పెట్టుకుని నేస్తూ ఉంది. చిన్నాయన గడపలో కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుడుతున్నాడు. విన్నది విన్నట్టు చెప్పాను.

"ఎదురింటి వదినను అడిగినారా?" అంది చిన్నమ్మ.

"ఎవరినీ అడగలేదు. ఆడవాళ్లే లేరు అక్కడ."

చిన్నమ్మ పోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడె ఆపింది. "మన వీధికి కాలువ లేదని ఆ పదహారు మందిలో ఒక్కడన్నా ఎత్తినాడా?"

"లేదు."

వానొస్తే ఆ వీధి నీళ్లన్నీ గుంత మగ్గాల్లోకి దిగుతాయి. మగ్గం గుంతలో నీళ్లు ఉన్నన్నాళ్లూ పని ఉండదు, తోడి పోసినా తేమ ఆరదు. ఏకగ్రీవపు మెంబరు ఎవరున్నా వీధివాళ్లు అడుగుతూనే ఉన్నారు, చూస్తాంలే అని అనిపించుకుంటూనే ఉన్నారు. ఓటు అడగడానికి గడప దాకా రావలసిన అవసరం లేని మెంబరుకు గుంతలో నీళ్లు ఎట్లా కనపడతాయి?

"నేను నిలబడతా," అంది చిన్నమ్మ.

చిన్నాయన చేతిలో రాట్నం ఆగింది. "నీకు మతి ఉండాదా మే?"

"ఉండాది కాబట్టే."

"ఓటింగు పెట్టిస్తావా ఊళ్లో? ఈ చెయ్యి చూసినావా?"

"దినామూ చూస్తాండా. నీ చెయ్యి ఇరగ్గొట్టింది యా పక్షమోడు?"

"నాకేం తెలుసు? గుంపులో ఎవురో."

"చూడు మరి. కొట్టినోడు యా పక్షమో గూడా తెలీదు. ఓటెయ్యను పోతే కొట్టినారు, దానికి శిక్ష ఎవురికి పడింది? కట్టె పట్టుకున్నోనికా, వరసలో నిలబడినోనికా? కట్టెలోళ్లు కుర్చీల్లో కూచుండారు. వరస తీసేసినారు."

చిన్నాయన మళ్లీ రాట్నం తిప్పసాగాడు. నామినేషనుకు అదే వార్డు ఓటరు ఒకరు ప్రతిపాదకుడిగా సంతకం చేయాలి. నా ఓటు కర్నూలులో ఉంది కాబట్టి నేను పనికిరాను. చిన్నమ్మ చిన్నాయనను బతిమాలలేదు. మళ్లీ నాడె విసిరింది. ఆయన కండె చుట్టడం పూర్తి చేసి, ఆ కండెను బుట్టలో వేసి, అప్పుడు నా వైపు చూశాడు.

"యాడ పెట్టాలప్పా సంతకం?"

"కాగితం ఇంకా తేలేదు, చిన్నాయనా."

"తేపో. ఆలస్యమైతే నాకు భయం పెరుగుతాది."

తెచ్చాను. నింపాను. కులధ్రువీకరణ, డిపాజిటు రసీదు, ఓటరు జాబితాలో క్రమసంఖ్య, అన్నీ రెండుసార్లు సరిచూశాను. పంచాయతీ కార్యాలయంలో కాగితం తీసుకున్న అధికారి చిన్నమ్మను ఎగాదిగా చూసి, "ఆరో వార్డు అయిపోయిందని చెప్పినారే," అన్నాడు. చిన్నమ్మ, "యాడ సార్ అయింది? ఇప్పుడే మొదలయింది," అంది.

ఆ సాయంత్రమే తూర్పు వర్గం పెద్దాయన వచ్చాడు. ఒక్కడే వచ్చాడు, చెప్పులు బయట విడిచి వచ్చాడు. ఆ మర్యాదకే చిన్నాయన ముఖం పాలిపోయింది.

"ఏమ్మా, నీకు మెంబరు కావాలంటే ముందే చెప్పుంటే చూసుందుము కదా."

"ఎవురికి చెప్పల్లన్నా? మీ కుర్చీల కాడికి మమ్మల్ని పిలిస్తే కదా."

"సరేలే. ఇప్పుడు కాగితం ఎనక్కి తీసుకో. మళ్లీసారి నీదే. ఊరు చల్లగా ఉండాల."

"చల్లగా ఉండేది మా మగ్గం గుంతేన్నా, నీళ్లు నిలిచి."

ఆయన నవ్వాడు. నా వైపు తిరిగి, "ఏమప్పా ఇంజినీరూ, నువ్వు సెలవైపోతే కర్నూలుకు పోతావు. వీళ్లు ఈడ్నే ఉంటారు. గుర్తు పెట్టుకో," అని చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఆయన అన్నది నిజమే. అందుకే కూర్చుని ఏమేం జరగవచ్చో ఒక జాబితా రాశాను. కాగితం చింపేయడం, అయితే నకళ్లు ఉన్నాయి. ఇంటి మీద రాళ్లు, అయితే స్టేషను నంబరు, ఎన్నికల ఫిర్యాదుల నంబరు గోడ మీద అతికించాను. దొంగ సంతకంతో ఉపసంహరణ, అయితే అధికారికి ముందే లేఖ ఇచ్చాం. కరెంటు తీసేయడం, అయితే ఛార్జింగు పెట్టిన ఇంకో ఫోను ఉంది. ప్రతి దానికీ ఎదురుగా ఒక విరుగుడు రాసుకుని తృప్తి పడ్డాను. వచ్చిన దెబ్బ మాత్రం ఆ జాబితాలో లేనిది. నేతగాళ్ల వీధికి మాత్రమే తట్టే దెబ్బ అది.

ఉపసంహరణకు ఆఖరి రోజున చిన్నమ్మకు పడుగు వేసుకునే వంతు వచ్చింది.

పడుగు అంటే చీర పొడవునా సాగే నూలు. మగ్గానికి ఎక్కించే ముందు దాన్ని వీధిలో పొడవుగా సాగదీసి, రెండు కొసలూ గుంజలకు కట్టి, గంజి పెడతారు. ఆ గంజి ఆరేలోపల మనుషులు రెండు వైపులా నిలబడి పెద్ద కుంచెలతో ఈ కొస నుంచి ఆ కొస దాకా దువ్వుతూ ఉండాలి. దువ్వకపోతే పోగుకు పోగు అంటుకుని పడుగంతా కట్టె అవుతుంది. కనీసం ఎనిమిది మంది కావాలి. దీనికి కూలి లేదు, పిలుపు కూడా లేదు. ఇవాళ మీ పడుగుకు మేము, రేపు మా పడుగుకు మీరు. ఇంటివాళ్లు తెల్లవారగానే సాగదీసి గంజి పెడుతూ ఉంటే, వీధి తలుపులు తెరుచుకుని ఎవరి కుంచెతో వాళ్లు వస్తారు. ఆ వీధి పుట్టినప్పటి నుంచీ అంతే.

ఆ రోజు గంజి పెట్టాం. తలుపులు తెరుచుకోలేదు.

చిన్నమ్మ ఒక వైపు, చిన్నాయన చాపుకోని చేత్తో ఇంకో వైపు. నాకు కుంచె ఇస్తే పోగులు తెగుతాయని ఆమెకు తెలుసు, అందుకని గంజి కుండ పట్టుకోమంది. ఆ పడుగు నూలు ఇచ్చి కూలికి నేయించుకునే షావుకారుది. చెడిపోతే ఆయన ఆమెకు మళ్లీ పడుగు ఇవ్వడు. ఎండ అప్పటికే ఇళ్ల మీదికి వచ్చింది.

ఎదురింటి అరుగు మీద అత్త కొడుకు నిలబడి ఉన్నాడు. నాతో డిప్లొమా చదివినవాడు, ఒకే బస్సులో ఒకే సీటులో తిరిగినవాళ్లం. ఇప్పుడు తూర్పు వర్గం యువకుల వాట్సాప్ గ్రూపు నడిపేది అతనే.

"ఏమప్పా, ముగ్గురే ఉండారే," అన్నాడు. "మీ ఓటర్లు యాడబోయినారు?"

"వస్తార్లే," అన్నాను.

"రారు. మా గ్రూపులో పెట్టినా, పడమటోళ్ల గ్రూపులో గూడా పెట్టించినా. మధ్యాన్నం మూడు గంటల లోపల కాగితం ఎనక్కి తీసుకుంటానని ఒక్క మాట చెప్పమను, ఇప్పుడే ఇరవై మంది వస్తారు. కుంచె నేనే పడతా."

చిన్నమ్మ విన్నది. అతని వైపు తిరగలేదు. చిన్నాయన దువ్వడం ఆపి ఆమెను చూశాడు.

"ఆపొద్దు," అంది ఆమె. "ఆరిపోతాది."

"మే, పడుగు పోతాది."

"పోతే పోతాది. పోయేదాక దువ్వు."

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. కానీ ఆ వీధి వెడల్పు ఎంతని? మూసిన ప్రతి తలుపు వెనకా వినపడే ఉంటుంది.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. అత్త బయటికి వచ్చింది. కొంగు నడుముకు బిగించి ఉంది, చేతిలో తన కుంచె ఉంది.

"మా, యాడికి?" అన్నాడు కొడుకు.

"కనపడలేదా? పడుగు కాడికి."

"ఆమె నీ మీదే నిలబడింది మా."

"నిలబడనీ. ఎవురూ నిలబడకపోతే నేను గెల్చేది ఎవురి మీదరా? కుర్చీలాటలో ఒక్కదాన్నే తిరిగి ఒక్కదాన్నే కూచున్నట్ల. నన్నేమన్నా అడిగినారా మీరు? మీ నాయన దండం పెట్టొచ్చె, నువ్వు స్టేటస్ పెట్టుకుంటివి. నేను మెంబరైన సంగతి నాకు కూరగాయల బండోడు చెప్పినాడు."

"పెద్దాయన ఊరుకోడు."

"ఊరుకోకుంటే ఆయన్ని గూడా రమ్మను. ఇంగా ఐదు మంది తక్కువుండారు." ఆమె పడుగు దగ్గరికి వచ్చేసింది. చిన్నమ్మకు ఎదురుగా నిలబడి కుంచె ఆనించింది. తర్వాత కొడుకుతో కాకుండా మూసిన తలుపులతో మాట్లాడుతున్నట్టు అంది, "పెండ్లిండ్లకు పోకుండా ఉన్నాం. చావులకు పలకరించకుండా ఉన్నాం. వర్గాలు పుట్టినాక శానా చేసినాం. పడుగుకు రాకుండా ఎవురన్నా ఉన్నారా ఈ వీధిలో? ఈ పొద్దు ఆమెకు చేస్తే రేపు మనకు చేస్తారు. కాగితం సంగతి ఓట్లప్పుడు చూసుకుంటాం. ఇది నూలు."

ముందుగా తెరుచుకున్నది పడమటి వర్గం వాళ్ల తలుపు. ఆ తర్వాత పక్కది. నేను లెక్కపెట్టడం మానేసి కుండ మోశాను.

దువ్వుతూనే ఇద్దరూ తగువు పెట్టుకున్నారు.

"కాలువ నేనే తీపిస్తా వదినా, నీకేంటికి శ్రమ," అంది చిన్నమ్మ.

"ఏం, నాకు చేతకాదా? మా ఇంట్లోకి నీళ్లు రావా? నీ గుంత కన్నా నాది లోతు."

"మామ తీపిస్తాడు, నువ్వు సంతకం పెడతావు."

"సంతకం పెట్టేది నేనైతే తీపిచ్చేది గూడా నేనే. నీ కొస వదులైంది, సరిగా పట్టు."

మామ మోటారు సైకిలు మీద వచ్చాడు. కొడుకు ఫోను చేసి ఉంటాడు. ఇంజను ఆపకుండానే, "ఇంట్లోకి రా," అన్నాడు భార్యతో.

"తడి ఆరలేదు," అంది ఆమె.

ఆయన అటూ ఇటూ చూశాడు. వీధిలో ఉన్నవాళ్లు అందరూ ఆయన పడుగుకు కూడా కుంచె పట్టినవాళ్లే. కాసేపటికి ఇంజను ఆపి బండి స్టాండు వేశాడు. కుంచె పట్టలేదు, ఇంట్లోకీ వెళ్లలేదు. కొడుకు మాత్రం ఫోను జేబులో పెట్టుకుని వీధి చివరికి నడిచి వెళ్లిపోయాడు.

పడుగు చుట్టి లోపల పెట్టాక చిన్నమ్మ ముఖం కడుక్కుని, నన్ను వెంటబెట్టుకుని పంచాయతీ కార్యాలయానికి వెళ్లింది. మూడు దాటే వరకూ అక్కడి బెంచీ మీద కూర్చుంది, ఆమె పేరుతో ఇంకెవరూ కాగితం వెనక్కి తీసుకోకుండా. అధికారి పోటీలో ఉన్నవాళ్ల పేర్లు, గుర్తులు రాసి గోడకు అంటించాడు. మిగిలిన వార్డులన్నీ, సర్పంచి పదవి కూడా, ఏకగ్రీవం. ఆరో వార్డు ఎదురుగా రెండు పేర్లు. అత్తకు గ్యాస్ పొయ్యి, చిన్నమ్మకు స్టూలు.

"పొయ్యి ఇచ్చినా బాగుండు," అంది చిన్నమ్మ గోడ వైపు చూస్తూ. "స్టూలు ఇచ్చి ఓ పక్కన కూచోమంటాండారు."

తర్వాతి రోజుల్లో ఇద్దరూ వీధివీధి తిరిగారు. పెద్దల ఒప్పందం తర్వాత ఆరో వార్డు ఆడవాళ్లు పంచాయతీ ఓటు అడిగించుకోవడం అదే మొదటిసారి. అడగవలసినవన్నీ అడిగారు. కాలువ, వీధిదీపాలు, పాల కేంద్రం దగ్గర కుక్కలు. ఒక ముసలామె చిన్నమ్మను కూర్చోబెట్టి పింఛను గురించి గంటసేపు నిలదీసి, చివరికి తన ఓటు పొయ్యికేనని చెప్పి మజ్జిగ ఇచ్చి పంపింది. చిన్నమ్మ ఆ మజ్జిగ తాగింది. "చెప్పి మరీ వెయ్యనంటాంది. అది బాగుండాది," అంది.

పోలింగు రోజు చిన్నాయన బడి తెరవకముందే వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాడు. వరుసలో మొదటివాడు. నేను దూరంగా, ఓటు లేనివాళ్లు ఉండవలసిన చోట ఉన్నాను. రెండు జీపులూ వచ్చాయి, రెండు పక్షాల పెద్దలూ వచ్చి దూరదూరంగా కుర్చీలు వేసుకున్నారు. ఒకసారి అరుపులు లేచాయి. చిన్నాయన ఎడమ చేత్తో కుడి మోచేతిని పట్టుకున్నాడు. వరుసలోంచి కదలలేదు. ఆయన వెనక ఉన్నవాళ్లు కూడా కదలలేదు. పోలీసు ఒకడు లాఠీ నేల మీద తట్టుకుంటూ వెళ్లి వచ్చాడు. అరిచినవాళ్లు ఎండకు తట్టుకోలేక నీడలోకి వెళ్లారు. చిన్నాయన వేలి మీద సిరాతో బయటికి వచ్చి, నా దగ్గర నిలబడి, ఆ సిరాను తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత, "పేపరు శానా చిన్నదిగా ఉండాదప్పా," అన్నాడు.

మధ్యాహ్నం ఓట్లు వేసిన బడి గదిలోనే లెక్కింపు. చిన్నమ్మ తరఫున నేను, అత్త తరఫున ఆమె కొడుకు బల్లకు అటూ ఇటూ కూర్చున్నాం. ఒక బ్యాలెట్టు మీద స్వస్తిక్ ముద్ర రెండు గుర్తుల మధ్య గీత మీద పడి ఉంది.

"పొయ్యి పక్కకే ఎక్కువుంది సార్," అన్నాడు అతను.

"లేదు సార్. సగం స్టూలు గడిలో ఉంది," అన్నాను.

"సగం కాదు. స్కేలు పెట్టి చూడండి."

అధికారి నిజంగానే స్కేలు పెట్టాడు. ఇద్దరం బల్ల మీదికి వంగాం. డిప్లొమాలో ఇంజనీరింగ్ డ్రాయింగ్ క్లాసులో కూడా మేమిద్దరం ఇంత శ్రద్ధగా స్కేలు చూడలేదు. కొడవలి బొమ్మలు పెట్టుకునేవాడు మిల్లీమీటర్ల కోసం వాదిస్తుంటే నాకు వాదించాలనే ఉంది, ఇంకా ఇంకా వాదించాలని ఉంది. అధికారి నిబంధనల పుస్తకం తిప్పి, ఓటరు ఉద్దేశం తేలడం లేదు కాబట్టి ఇది చెల్లదన్నాడు. అతను నిబంధన సంఖ్య అడిగాడు. అధికారి చూపించాడు. అతను చదివాడు.

"సరే సార్. తర్వాతిది తీయండి," అన్నాడు.

చివరి కట్ట అయ్యాక అధికారి కాగితం మా ఇద్దరి వైపూ తిప్పాడు. ఇద్దరం సంతకం పెట్టాం.

పోలైన ఓట్లు 258. చెల్లనివి 9. ఎదురింటి అత్తకు 131. చిన్నమ్మకు 118.